టమాటా ధర పెరిగితే మా అప్పు వడ్డీ ఎందుకు పెంచాలి?

చీమకుర్తి రాయి: రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకుపోయింది. ధరలు అదుపు చేయడానికట. మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ అప్పు రెపోకు ముడిపడి ఉంది. పెంచిన ప్రతిసారీ భారం మాకే. యుక్రెయిన్ యుద్ధంతో వంటనూనె మండింది, వానలు దెబ్బతీస్తే కూరగాయలు మండాయి. నా వడ్డీ పెంచితే మదనపల్లె మార్కెట్‌కు టమాటా ఎక్కువ వస్తుందా?

ట్రంకురోడ్డు: సరైన ప్రశ్న అన్నా.

మూలాపేట పెద్దాయన: టమాటా కోసం పెంచలేదు తమ్ముడూ. 2023 జులైలో కూరగాయల వల్ల ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరిగే వేగం, 7.44 శాతానికి ఎగిసింది. అయినా ఆగస్టులోనూ అక్టోబరులోనూ రేటు కదపలేదు. పంట వస్తే ఆ ధర దిగుతుందని వాళ్లకు తెలుసు. అసలు భయం వేరు. ధరలు ఇలాగే పెరుగుతాయని జనం నమ్మితే అద్దె, కూలి, లారీ కిరాయి అన్నీ ముందే పెంచుతారు. వడ్డీ పెంచేది దానికి అడ్డుకట్టగా. బ్యాంకులో జీవితమంతా పనిచేసి చెబుతున్నాను.

అల్లూరు చెరువు: రొయ్యల మేత డీలరు దగ్గర మా అరువు నూటికి నెలకు రెండు రూపాయలు. రెపో 4 ఉన్నా అంతే, 6.5 ఉన్నా అంతే.

చీమకుర్తి రాయి: కదపలేదు సరే, తగ్గించనూ లేదు కదా! 2025 ఫిబ్రవరి దాకా 6.5 దగ్గరే ఉంచారు. మా బావమరిది ఇంటి అప్పుకు మాట మాత్రం చెప్పకుండా గడువు పెంచారు.

మూలాపేట పెద్దాయన: కంతు పెంచాలో గడువు పెంచాలో అప్పు తీసుకున్నవారే ఎంచుకోవాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. వెళ్లి అడగమనండి.

చీమకుర్తి రాయి: రేట్లు పెంచడం ముగిసిన ఆరు నెలలకు వచ్చిన ఉత్తర్వు అది! బ్యాంకులో పనిచేసినవారు బ్యాంకు పక్షమే మాట్లాడతారు.

మూలాపేట పెద్దాయన: ఉత్తర్వు ఉందా లేదా? అంతవరకే నా మాట.

కావలి టీచరు: ఇంతసేపూ అప్పున్నవారి గోడే వింటున్నాను. 2020-21లో ద్రవ్యోల్బణం సగటున 6.2 శాతం. అప్పుడు రెపో 4. నా పదవీ విరమణ డబ్బు డిపాజిట్‌లో ఉంది. దాని వడ్డీ ధరలకు చాలక అసలు సొమ్ము విలువే కరిగిపోయింది. మీకు చవకగా దొరికిన అప్పు నా నష్టంలోంచి వచ్చిందే బాబూ. అప్పుడు ఒక్కరూ ఇక్కడ చర్చ పెట్టలేదు.

చీమకుర్తి రాయి: అమ్మా, మీ నష్టం పూడ్చవలసింది బడ్జెట్. దానికోసం మా కూలీల పని పోకూడదు. 2022 మేలో కేంద్రం ఎక్సైజు సుంకం పెట్రోలు మీద లీటరుకు 8 రూపాయలు, డీజిల్ మీద 6 రూపాయలు తగ్గించింది. ధర నేరుగా దిగింది, ఎవరి యూనిట్టూ మూతపడలేదు. వృద్ధుల పొదుపు పథకం పరిమితిని కూడా 2023 బడ్జెట్‌లోనే 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు.

మూలాపేట పెద్దాయన: తగ్గిన సుంకానికి బదులు ప్రభుత్వం అప్పు చేయాలి. పైగా సుంకాలు ఎన్నికల గాలిని బట్టి మారుతుంటాయి. అందుకే 2016లో చట్టం మార్చి, ధరల పని రిజర్వు బ్యాంకుకు అప్పగించి, ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం పెట్టారు, అటూ ఇటూ 2.

కావలి టీచరు: 30 లక్షలు ఎవరి దగ్గర ఉన్నాయి బాబూ? ఉన్న కొద్దిపాటి డబ్బు విలువ నిలబడితే నాకు చాలు. అది బడ్జెట్ చేస్తుందంటే నేను నమ్మను.

చీమకుర్తి రాయి: నా దగ్గర పనిచేసేవాళ్లకు డిపాజిట్లే లేవమ్మా. వాళ్లకున్నది పని ఒక్కటే. రేటు పెంచినప్పుడు ముందు పోయేది అదే.