తిరుపతిలో చిన్న ఊరగాయల దుకాణం: ‘బాలాజీ’ అని పెట్టాలా, కొత్త పేరు వెతకాలా?

సందేహం (చంద్రగిరి నుంచి ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా అత్తగారూ నేనూ కొన్నేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, చింతకాయ పచ్చళ్లు, కందిపొడి, కరివేపాకు పొడి చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాము. ఇప్పుడు తిరుచానూరు రోడ్డులో ఒక చిన్న గది బాడుగకు తీసుకొని దుకాణం తెరవబోతున్నాము. పేరు దగ్గర మాత్రం ఇంట్లో మాట కుదరడం లేదు. మావారు ‘శ్రీ బాలాజీ హోమ్ ఫుడ్స్’ అంటున్నారు. మా మరిది ‘తిరుపతి రుచులు’ అయితే యాత్రికులకు వెంటనే తెలుస్తుందంటున్నారు. ఏ పేరు పెట్టినా ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు), జీఎస్‌టీ నమోదు చేయించుకుంటే అది మనదైపోతుందని తెలిసిన ఒకరు చెప్పారు. ఇది నిజమేనా? బోర్డు రాసే ఆయన పేరు తొందరగా చెప్పమంటున్నారు.

సమాధానం (తిరుపతి, చిన్న దుకాణాల లెక్కలు చూసే సభ్యుడు)

అమ్మా, మీ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో చాలామంది అక్కడే పొరబడుతున్నారు. ఉద్యమ్, జీఎస్‌టీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నమోదు, ఇవన్నీ మీ వ్యాపారం ఉన్నదని చెప్పే కాగితాలే గాని, పేరు మీద హక్కునిచ్చేవి కావు. ఒకే పేరుతో ఎన్ని దుకాణాలకైనా జీఎస్‌టీ నంబరు వస్తుంది. పేరు మీద హక్కు 1999 నాటి ట్రేడ్ మార్కుల (సరుకును గుర్తుపట్టించే పేర్లు, గుర్తుల) చట్టం కింద నమోదు చేసుకున్నందువల్ల రావాలి, లేదా ఆ పేరుతో అందరికంటే ముందు నుంచీ వ్యాపారం చేస్తూ నలుగురిలో గుర్తింపు తెచ్చుకున్నామని రుజువు చేయగలిగినందువల్ల రావాలి. కాబట్టి మొదటి బిల్లునూ, మొదటిసారి అచ్చువేయించిన లేబులునూ తేదీతో సహా భద్రపరచుకోండి.

ఇక బాలాజీ పేరు. స్వామి పేరు పెట్టుకోవాలన్న మీవారి కోరికను నేను తక్కువ చేయను. కొండ కింద బతికే మనకు ఆ కోరిక కలగడం సహజమే. కానీ ఆ పేరుతో లాడ్జీలు, మెడికల్ షాపులు, ట్రావెల్స్, టిఫిన్ సెంటర్లు వీధివీధినా ఉన్నాయి. మీ ఆవకాయ నచ్చి చెన్నైకి వెళ్లిన మనిషి ఆర్నెల్ల తరువాత ఫోనులో వెతికితే, మీ దుకాణం ఆ గుంపులో దొరకదు. పైగా దైవసంబంధమైన పేరును ఒక్కరే సొంతం చేసుకోవడం కష్టం. అగరుబత్తీలకు ‘రామాయణ్’ అనే పేరు విషయంలో, పవిత్ర గ్రంథం పేరును సరుకుల మీద తనకొక్కరికే చెందిన గుర్తుగా ఎవరూ కోరజాలరని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. స్వామి పేరును బోర్డు పైభాగాన ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అని భక్తితో రాయించి, దుకాణం పేరును కింద పెద్ద అక్షరాలతో వేరుగా పెట్టుకోండి. ఇంట్లో అందరికీ సమ్మతమయ్యే పద్ధతి ఇదేనని నా అభిప్రాయం.

‘తిరుపతి రుచులు’ విషయంలో చిక్కు మరొకటి ఉంది. సరుకు ఎక్కడిదో, ఎలాంటిదో మాత్రమే చెప్పే మాటలను చట్టంలోని 9వ సెక్షన్ సాధారణంగా నమోదుకు ఒప్పుకోదు. మీరు ఎంత పేరు తెచ్చుకున్నా, పక్కవీధిలో ఎవరైనా ‘తిరుపతి అసలు రుచులు’ అని తెరిస్తే ఆపడం కష్టమవుతుంది. ముందుముందు మిఠాయిలు కూడా పెట్టే ఆలోచన ఉంటే ఇంకొక జాగ్రత్త అవసరం: తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందుతుందనే చట్టపరమైన గుర్తింపు) లభించింది, అది దేవస్థానానికి చెందినది, కనుక మీ లడ్డూలకు ఆ పేరు వాడకూడదు.

మరో మాట (గాంధీ రోడ్డులో దుకాణం ఉన్న సభ్యుడు)

అక్కా, మన దగ్గరికి వచ్చేవాళ్లలో తమిళులూ కన్నడిగులూ చాలామంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ఖ, ఘ వంటి ఒత్తు పలికే అక్షరాలు లేవు. కాబట్టి అలాంటి అక్షరాలు ఎక్కువగా ఉన్న సంస్కృత పేరు పెడితే తమిళుల నోట అది వేరే పేరవుతుంది. మీరు అనుకున్న పేరును ఫోనులో ఒకరికి ఒక్కసారి చెప్పి, తిరిగి రాసి పంపమనండి. సరిగ్గా రాయలేకపోతే ఆ పేరు వదిలేయండి. బోర్డు మీద తెలుగు పైన, మిగతా భాషలు కింద ఉండేలా రాయించండి. మన రాష్ట్రంలో దుకాణాల నియమాలు కోరేదీ అదే.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు ఇంట్లో చదివి వినిపించాను. మా అత్తగారు ఏటా ఏడు జాడీల ఆవకాయ పెట్టేవారు. బంధువులు ఇప్పటికీ ఆ జాడీల మాటే ఎత్తుతారు. ‘ఏడుజాడీలు’ అని పెడితే ఎలా ఉంటుందని ఆమే అన్నారు. మావారికీ నచ్చింది, ఏడుకొండల తలపు కూడా వచ్చిందన్నారు. ఇక ఏమి చూసుకోవాలి?

సమాధానం (లెక్కలు చూసే సభ్యుడు)

చాలా మంచి పేరు అమ్మా. ఊరగాయను తలపిస్తుంది గాని ఊరగాయ అని నేరుగా చెప్పదు. నమోదుకు అలాంటి పేర్లే అనుకూలం. రేపు పొడులూ వడియాలూ పెంచినా పేరు మార్చనక్కరలేదు.

ముందు ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. పేరు అచ్చంగా అదే ఉన్నదా అని చూస్తే చాలదు. ఉచ్చారణలో దగ్గరగా ఉన్నవాటినీ, ఇంగ్లీషు అక్షరాలలో రెండు మూడు రకాలుగా రాసినవాటినీ చూడాలి. రిజిస్ట్రీ సరుకులను తరగతులుగా విభజించింది, వాటిలో ఊరగాయలు 29వ తరగతిలోకీ, మసాలా పొడులు 30వ తరగతిలోకీ వస్తాయి. ఆన్‌లైనులో దరఖాస్తుకు వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. డబ్బు ఇబ్బంది అయితే మొదట 29వ తరగతి ఒక్కటి చేయండి. రిజిస్ట్రీ అంగీకరించాక పేరును అందరూ చూసేలా తన జర్నల్‌లో ప్రచురిస్తుంది, అభ్యంతరాలకు 4 నెలలు గడువుంటుంది, నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన పొడిగించుకోవచ్చు. నమోదు పూర్తయ్యేదాకా పేరు పక్కన ‘టీఎం’ (ట్రేడ్ మార్క్) అని వేసుకోవచ్చు గాని, నమోదైందని చెప్పే వలయంలోని ఆర్ గుర్తు వేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఇంగ్లీషు స్పెల్లింగును ఈరోజే ఒకటి ఖాయం చేసుకోండి. ఒక్కరే యజమానిగా ఉన్న వ్యాపారానికి కరెంటు ఖాతా తెరవాలంటే బ్యాంకు సాధారణంగా దుకాణం పేరుతో రెండు ఆధారాలు అడుగుతుంది. ఒకదానిలో ఒక రకంగా, ఇంకొకదానిలో వేరుగా ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. సంఖ్యాశాస్త్రం చూపించే అలవాటు మీ ఇంట్లో ఉంటే అక్షరాలు కలపడం, తీయడం ఇప్పుడే ముగించండి. ఆ తరువాత ఉద్యమ్ చేయించండి, దానికి రుసుము లేదు. అదే స్పెల్లింగుతో ఆహార భద్రతా నమోదు తీసుకొని, ఆ 14 అంకెల నంబరు చేతికి వచ్చాకే లేబుళ్లు అచ్చుకివ్వండి. బోర్డు రాసే ఆయనను రిజిస్ట్రీలో వెతకడం పూర్తయ్యేదాకా ఆగమని చెప్పండి.