డల్లాస్ ఉగాది కార్టూన్ల ప్రదర్శన: హాలు వారి అభ్యంతరం, ఈ రాత్రికే తేల్చాలి (సభ్యుల పేర్లకు బదులు ఊళ్ల పేర్లు)

ఆదోని: మన కార్టూనిస్టు పెద్దాయన గీసిన పార్టీల నాయకుల బొమ్మలు గోడకెక్కితే తలుపు తీయబోమని హాలు వారు ఇప్పుడే ఉత్తరం పంపారు. శనివారానికి ఐదు రోజులే ఉన్నందున, జాబితాలోని ఫ్రేముల పని ఆపండి.

తాడిపత్రి: అన్నా, అనంతపురం క్లాక్ టవర్ దగ్గర 40 బొమ్మలకూ ప్రింట్లు వేయించి, డబ్బు కట్టిన గంటకు ఇది చదివాను. నాయకులను తీసేస్తే 6 మిగులుతాయి. వాటిలో రెండు మేకలవి.

ప్రొద్దుటూరు: రాష్ట్రపతి స్నానపు తొట్టిలో నుంచే ఆర్డినెన్సు మీద సంతకం పెడుతున్నట్టు కార్టూనిస్టు అబూ అబ్రహాం గీసిన బొమ్మ 1975 డిసెంబరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగానే ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయింది. మనం అద్దె హాలుకు జడుస్తున్నాం.

ఆదోని: అబూ వెనుక పత్రిక ఉంది. మన వెనుక భోజనాలకు చెప్పిన 300 మంది ఉన్నారు. పైగా బయానా కట్టింది నా కార్డుతో.

ప్రొద్దుటూరు: నేను పెట్టిన ఖర్చులు ఏనాడైనా ఇక్కడ రాశానా?

నంద్యాల: ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. మనం చూపదలచింది పెద్దాయన పనిని కదా, గీస్తుండగానే చూపితే సరిపోదా?

తాడిపత్రి: అక్కా, ఆయన ఇంటి నుంచే రాస్తున్నాను. పూర్వం బొమ్మ కవరులో పెట్టి రాత్రి బస్సులో హైదరాబాదుకు పంపితే అచ్చయ్యేసరికి రెండు రోజులు పట్టేది కనుక, ఆనాటి ప్రకటనను వదిలి, అప్పటికీ పాతబడని వేరుశనగ నష్టాన్నో, కారు దిగకుండానే చేను చూసిపోయే కరువు బృందాన్నో ఎంచుకొనేవారట. ఆ కరువు బృందాన్నే వీడియోలో గీస్తానన్నారు. డల్లాస్‌లో సాయంత్రం 6 అంటే ఇక్కడ తెల్లవారుజాము 4:30 అని చెబితే, పత్రిక డెస్కు వాళ్లు అంతకంటే అన్యాయమైన వేళల్లో లేపేవారని నవ్వారు.

ప్రొద్దుటూరు: అన్నా, కార్డు విషయంలో మాట తూలాను. ప్రింట్లు తెప్పించండి, ఆదివారం మా గ్యారేజీలో కడదాం. అక్కడ నిబంధనలు నావి.

ఆదోని: సరే. హాలు వారికి "చిత్రలేఖన ప్రదర్శన" అని రాస్తున్నాను, అబద్ధమేమీ కాదు. పెద్ద తెర ఎవరు తెస్తారు?

నంద్యాల: తెర నేను తెస్తాను. కెమెరాను ముఖం మీద కాక, కుంచె మొన కనబడేలా పైనుంచి పెట్టించు తమ్ముడూ.

తాడిపత్రి: పైనుంచే పెట్టాను అక్కా. ఫ్యాను గాలికి కాగితం లేస్తోందని ఒక మూలన సిరా బుడ్డి పెట్టారు. అదీ తెరమీద కనబడుతుంది.