మూత్రంలో మంటతో పాటు రక్తం: షాపులో ఇచ్చిన సిప్రో వేయొచ్చా?

ప్రశ్న:
అమ్మకు 58 ఏళ్ళు, షుగర్ ఉంది, గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. రెండు రోజులుగా మూత్రంలో మంట, పావుగంటకోసారి లేవాల్సి వస్తోంది. చివరి చుక్కలు ఎర్రగా ఉంటున్నాయి, నిన్న చిన్న రక్తపు గడ్డ పడింది. జ్వరం లేదు. మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ నాలుగు మాత్రలు, సిట్రేట్ సిరప్ ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు.

జవాబు (ల్యాబ్):
మొదలుపెట్టకపోవడమే మంచిదైంది. ఒక్క మాత్ర పడినా కల్చర్‌లో (మూత్రంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగకపోవచ్చు. ముందు శాంపిల్ ఇవ్వండి. మంచినీళ్ళతో కడుక్కోవాలి, డెటాల్ వంటివి వద్దు. మొదటి ధార వదిలేసి, మధ్యలోది 20-30 మి.లీ. స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. గంటలో ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. మన ఎండల్లో బయట ఉంచితే డబ్బాలోనే బాక్టీరియా పెరిగిపోయి లెక్క తప్పుతుంది. మి.లీ.కు లక్ష కాలనీలు (బాక్టీరియా గుంపులు), అదీ ఒకే రకం ఉంటే ఇన్ఫెక్షన్ ఖాయం. మంట ఉన్న మనిషిలో అంతకన్నా తక్కువైనా పట్టించుకోవాలి. మూడు రకాలు పెరిగితే శాంపిల్ పాడైనట్టే, మళ్ళీ ఇవ్వాలి.

జవాబు (యూరాలజీ):
చెప్పిన లక్షణాలు మూత్రాశయం వాపువే. ఎక్కువగా ఈ.కోలై అనే బాక్టీరియా వల్ల వస్తుంది. వాచిన లోపలి పొర నుంచి రక్తం ఊరుతుంది. మూత్రాశయం మెడ దగ్గర వాపు ఉంటే చివరి చుక్కల్లోనే కనబడుతుంది. ఈ వయసులో ఆ రక్తం యోని నుంచి రావడం లేదని కూడా డాక్టర్‌తో చూపించుకోవాలి.

మన దగ్గర ఈ.కోలైలో చాలావాటికి సిప్రో పనిచేయడం మానేసింది. పైగా షుగర్ మందులు వాడేవారిలో అది షుగర్‌ను ఒక్కసారిగా పడేయగలదు. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది కనుక, ఈలోగా డాక్టర్లు తరచుగా రాసేది నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ 100 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, తిన్నాక. మామూలుగా 5 రోజులు, షుగర్ ఉన్నవారికి 7 రోజులు రాస్తుంటారు. అంతకుముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఇది పనికిరాదు. ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. రక్తానికి అదే కారణమని తేల్చేసి పరీక్షలు మానేయడం ఇంకా పెద్ద తప్పు.

జవాబు (ఫార్మసీ):
ఆ సిట్రేట్ సిరప్ మంటను కాస్త తగ్గిస్తుందేమో గానీ బాక్టీరియాను చంపదు. నైట్రోఫ్యూరాంటోయిన్ ఆమ్ల మూత్రంలో బాగా పనిచేస్తుంది. సిరప్ మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, కాబట్టి రెండూ కలిపి వాడొద్దు. నైట్రోఫ్యూరాంటోయిన్‌తో మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే రక్తమనుకుని కంగారుపడకండి. రక్తం ఆపడానికని ట్రానెక్సామిక్ యాసిడ్ సొంతంగా కొని వేయకండి. లోపలి గడ్డలు కరగక దారి మూసుకుపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. రక్తం ఆగిపోతే ఇక పరీక్షలు అక్కర్లేదా?

జవాబు (యూరాలజీ):
అక్కర ఉందండీ. కోర్సు అయిన ఆరు వారాలకు మూత్రాన్ని మైక్రోస్కోపు కింద మళ్ళీ చూపించండి. ఒక్కో ఫీల్డ్‌కు (మైక్రోస్కోపులో ఒకసారి కనబడే భాగానికి) 3 లేదా అంతకు మించి ఎర్ర కణాలుంటే అల్ట్రాసౌండ్, సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి సన్నని కెమెరా పంపి చూడటం) చేయించాలి. మూత్రాశయ క్యాన్సర్ కూడా మంటతో, రక్తంతో ఇన్ఫెక్షన్ లాగానే మొదలవ్వచ్చు. చీముకణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే టీబీ పరీక్ష అడగండి. గతంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నా, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందు వాడినా ముందే చెప్పాలి. అప్పుడు వాపుకు కారణమే వేరు, యాంటీబయాటిక్‌తో తగ్గదు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయి పొట్ట ఉబ్బితే ఇక నీళ్ళు తాగించకండి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అక్కడ 22 లేదా 24 సైజు మూడు దారుల క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసి, సెలైన్‌తో గడ్డలు కడిగి తీస్తారు.