అప్‌డేట్: కారు వెనక యాక్సిల్‌లో 3.73 నిష్పత్తి క్రౌన్ పినియన్ (చక్రాలను తిప్పే గేర్ల జోడీ) తీసేసి 4.10 వేయించాను

సాలూరు–కోరాపుట్ దారిలోని సుంకి ఘాట్ మలుపుల్లో నా రియర్ వీల్ డ్రైవ్ కారు మూడో గేరులో లేవట్లేదు, వెనక యాక్సిల్ గేర్లు మార్చాలా అని పోయిన నెల అడిగాను కదా. మార్పించేశాను. 41–11 పళ్ల జోడీ (41ని 11తో భాగిస్తే 3.73) పోయి 41–10 (4.10) వచ్చింది. ఎక్కుడు మీద ఇప్పుడు హాయిగా లాగుతోంది.

మొదట జయపురంలో బిగించినతను పళ్ల మధ్య సందు కొలిచే డయల్ గేజ్ పెట్టనేలేదు. యాక్సిలేటర్ వదలగానే ఒకటే కూత, నాకు గుండె జారిపోయింది. మీలో ఒక అన్న చెప్పినట్టే మళ్లీ విప్పించి, పళ్లకు రంగు పూసి అవి ఎక్కడ తగులుతున్నాయో అచ్చు చూసి, షిమ్‌లు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్పించాను. కూత పోయింది. దయచేసి ఈ పనిలో తొందరపడకండి.

అదే వేగానికి ఇంజన్ 10 శాతం ఎక్కువ తిరుగుతోంది, ఘాట్ దిగి సాలూరు దాటి చదును రోడ్డెక్కాక తెలుస్తుంది. కొత్త గేర్లు కుదురుకోవాలి కాబట్టి 800 కిలోమీటర్లకి గేర్ ఆయిల్ మార్చాలి, అంతవరకు గట్టిగా తొక్కను.