నడుస్తూ తీసేందుకు ఒక్కటే జూమ్ లెన్స్: కెనాన్ 18-135 తీస్కోవాలెనా, సిగ్మా 17-50 తీస్కోవాలెనా?

నల్లగొండ నడక:
అన్నలకు నమస్తే. నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2, దాంతోని వచ్చిన 18-55 ఉన్నయి. బ్యాగు లేకుండ మెడల కెమెరా ఏస్కొని తిరిగేటందుకు ఒక్క లెన్స్ కావాలె. తీసేటివి పానగల్లు గుళ్లు, దేవరకొండ ఖిల్లా, పోచంపల్లి మగ్గాలు, చెర్వుగట్టు జాతర, సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఆ నీళ్లు. బడ్జెట్ 30 వేలు, సెకండ్‌హ్యాండ్ అయినా సరే. కెనాన్ 18-135, సిగ్మా 17-50 ఎఫ్ 2.8 చూసిన. కొద్దిగ ఎక్కువ పెడితే టామ్రాన్ 18-400 గూడ వస్తదంటున్నరు. ఏది మంచిది?

ఖిల్లా కెమెరా:
తమ్మీ, ముందు నీ పాత ఫొటోల వివరాలు తెరిచి ఫోకల్ లెంగ్త్ (ఎంత జూమ్ మీద తీసినవో చెప్పే ఎంఎం అంకె) చూస్కుంట పో. 55 కాడనే ఆగిపోయినవి ఎక్కువుంటే నీకు 18-135 కావాలె. 18-35 మధ్యల, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే కెమెరా పెంచే అంకె) 3200 దాటినవి ఎక్కువుంటే నీకు తక్కువైంది జూమ్ కాదు, వెలుతురు.

నువ్వు రాసిన జాగలు చూస్తే నా ఓటు 18-135కే. దేవరకొండ బురుజులు, సాగర్ 26 గేట్లు, రేపు ఆలంపురం పోతే నవబ్రహ్మ గుళ్ల శిఖరాల మీది శిల్పాలు: ఇవన్నీ మనం దగ్గరికి పోలేనివి. నీ కెమెరాకు 1.6 క్రాప్, అంటే సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మంత) సెన్సార్ కంటె అంత చిన్నది, కాబట్టి 135 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కల 216 ఎంఎం. 39 సెంటీమీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అయితది. 135 కాడ పెడితే దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ ఫ్రేము నిండ వస్తది. ఇక్కత్ అంచుల రంగు ఒకదాంట్లకు ఒకటి ఎట్ల పాకిందో పోగు పోగు కనపడ్తది.

ఇదే పేరుతోని మూడు లెన్స్‌లున్నయి, చూసి కొను. 2009ల వచ్చింది ఉత్త ఐఎస్ (చేతి వణుకును ఆపేది), తర్వాతి రెండిటికి ఫోకస్ మోటారు పేరు తోకల ఉంటది: 2012ది ఎస్‌టీఎం, 2016ది యూఎస్ఎం. మొదటిది అగ్గువకు వచ్చినా వద్దు, ఫోకస్ నెమ్మది, వీడియోల మోటారు చప్పుడు వినపడ్తది. ఎస్‌టీఎం దొరికితే నిశ్చింతగ తీస్కో. యూఎస్ఎం దానికంటె చురుకు.

18-400 బరువు 700 గ్రాముల పైన. నీ కెమెరా 449 గ్రాములే. ముందుకు వంగి వేలాడ్తది, పొద్దంత మెడల ఉండేది కాదు. పక్షులు తీసేటోళ్లకైతే అది వేరే లెక్క.

గుంటమగ్గం:
అన్న చెప్పింది కోటలకు, గేట్లకు సరే. మగ్గం ఇంట్ల కథ వేరు. గుంట మగ్గం ఉన్న అర్రల కిటికీ వెలుతురొక్కటే ఉంటది. 50 ఎంఎం కాడ 18-135 ఎఫ్ 5కు పడిపోతది (ఎఫ్ అంకె పెరిగితే లోపలికొచ్చే వెలుతురు తగ్గినట్టు). అక్కడ షట్టర్ 1/40 (సెకండ్ల 40వ వంతు) వస్తే, అదే ఐఎస్ఓ మీద ఎఫ్ 2.8 ఉన్న సిగ్మాకు 1/125 వస్తది. నాడె విసిరే చెయ్యి, ఆసు పోసే చెయ్యి 1/40ల చెదిరిపోతయి. ఐఎస్ మన చేతి వణుకును ఆపుతది గని నేతగాని చెయ్యిని ఆపదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల దీనికి ఉల్టా. గర్భగుడిల పడే నీడ కదలదు, కదిలేది మన చెయ్యే. ఐఎస్ వేసి, 18 కాడ, స్తంభానికి ఆనుకొని 1/8ల తీసినా నిలుస్తది. కాబట్టి చీకటి అనంగనే ఎఫ్ 2.8 కొనొద్దు, అక్కడ కదిలేది ఏందో చూడాలె. ఇంకోటి, 18 కాడ 18-135 ఎఫ్ 3.5 ఇస్తది, సిగ్మాతోని తేడా స్టాపుల (వెలుతురు రెట్టింపయ్యే మెట్టుల) మూడింట రెండు వంతులే.

సిగ్మా తీస్కుంటే ఒక చిక్కు. వ్యూఫైండర్లకెళ్లి తీసినప్పుడు ఫోకస్ కొంచెం ముందో వెనకో పడొచ్చు. దాన్ని సరిచేసే మైక్రో అడ్జస్ట్‌మెంట్ 200డి మార్క్ 2ల లేదు. లైవ్ వ్యూల (వెనక తెర మీద చూస్కుంట) తియ్యి. అక్కడ ఫోకస్ సెన్సార్ మీదనే కొలుస్తది కాబట్టి ఆ తప్పు రాదు. ఆటోఫోకస్ అయ్యేటప్పుడు ఫోకస్ రింగు తిరుగుతది, వేలు అడ్డం పెట్టకు.

పాలమూరు లెన్స్:
సెకండ్‌హ్యాండ్ అంటే మెమొరీ కార్డు, చిన్న టార్చి పట్టుకొని పో. లెన్స్ వెనకకెళ్లి టార్చి కొట్టి ముందర నుంచి చూడు. సాలెపోగుల లెక్క తెల్లగ కనపడితే అది ఫంగస్, వదిలెయ్. నాలుగు దుమ్ము రవ్వలుంటే ఫికర్ లేదు, ఫొటోల రావు.

ఇటుకల గోడకు సూటిగ నిలబడి 18, 50, 135 కాడ ఎఫ్ 5.6ల ఒక్కొక్కటి తీసి, నాలుగు మూలలు జూమ్ చేసి చూడు. నాలుగూ కొంచెం మెత్తగ ఉంటే ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూలే మసకగ ఉంటే లోపల అద్దం పక్కకు జరిగింది, ఎక్కడో కిందపడ్డదన్నట్టు. తర్వాత జూమ్ మెల్లగ తిప్పుకుంట ఫొటోలు తియ్యి. ఒక్క కాడ మాత్రమే ఎర్రర్ 01 (కెమెరాకు, లెన్స్‌కు లింకు సరిగ లేదని) వస్తుంటే లోపలి ఫ్లెక్స్ కేబుల్ పోతున్నట్టు. ఏవీ మోడ్‌ల (ఎఫ్ అంకె మనమే పెట్టేది) ఎఫ్ 16 పెట్టి తీసిన ఫొటో తెల్లగ కాలిపోతే ఎపర్చర్ రేకులు (వెలుతురొచ్చే సందును చిన్నగ చేసేవి) మూసుకుంటలేవు. లెన్స్ కిందికి వంచితే బ్యారెల్ జారుడు పాతవాటికి మామూలే, దానికి ధర తగ్గించి అడుగు.

18-135కు, సిగ్మాకు రెండిటికీ దుమ్ము, నీళ్లు ఆపే సీలింగ్ లేదు. జూమ్ సాగినప్పుడల్లా గాలితోపాటు దుమ్ము లోపలికి పోతది. జాతరల బండారు (పసుపు) పడితే గుడ్డతో తుడవకు, ముందు బ్లోయర్‌తోని ఊదు. రేణువు అద్దం మీద రుద్దుకుంటే కోటింగ్ గీసుకపోతది.

నల్లగొండ నడక:
పాతవి చూసిన అన్నా, 55 కాడ ఆగినవే ఎక్కువ. 18-135 తీస్కుంట. మరి మగ్గాలకు?

గుంటమగ్గం:
కెనాన్ 24 ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం చూడు. 125 గ్రాములే, జేబుల పడ్తది. దానికి ఐఎస్ లేదు, కానీ నువ్వు పెట్టేది 1/125 కాబట్టి అక్కర లేదు. 50 ఎంఎం ఎఫ్ 1.8 అగ్గువకు వస్తదని దాని వైపు పోకు. నీ క్రాప్‌కు 80 అయి కూసుంటది, చిన్న అర్రల మగ్గం సగమే వస్తది.