సంక్రాంతి వెళ్ళి మూడు వారాలైంది, నువ్వులు జల్లేయొచ్చా ఆగాలా?

రాజాం రైతు:
అందరికీ నమస్కారం. మాది రాజాం పక్కన పల్లె, 80 సెంట్ల గరువు (మెట్ట నేల), ఓ బోరు ఉంది. ఎలమంచిలి 66 రకం నువ్వుల విత్తనం రెండు కేజీలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని రోజూ పొలం దాకా వెళ్ళి చూసి వచ్చేస్తున్నాను. పొద్దున్న ఏడైనా మంచు వీడట్లేదు, గట్టు మీద గడ్డిలో నడిస్తే లుంగీ అంచు తడిసిపోతోంది, మట్టి గుప్పెట్లోకి తీసుకుంటే ఐసులా ఉంది. అలాగని మధ్యాహ్నం ఎండకి పైమట్టి తెల్లబడిపోతోంది, ఇంకో పది రోజులాగితే పదును పోద్దేమోనని భయం. పోయినేడు పండగైన నాలుగో రోజే జల్లేశా, సగం మొలవలేదు, మొలిచినవి పసుపు రంగుకి తిరిగి ఎదక్కుండా ఉండిపోయాయి, దుక్కి డబ్బులు కూడా రాలేదు. ఈసారి అలా అవ్వకూడదు. ఏటి చెయ్యమంటారు?

చీపురుపల్లి బాబాయ్:
ఆగు బాబూ. నువ్వుకి చలి పడదు, నేల వేడెక్కితేనే మొలక లేస్తాది. మా ఇంట్లో అరసవల్లి రథసప్తమి వెళ్ళేవరకు నువ్వుల మూట విప్పనిచ్చేవారు కాదు. తేదీ కంటే రాత్రి చలి చూసుకో, తెల్లారగట్ల దుప్పటి తన్నేయాలనిపించిందంటే జల్లుకోవచ్చు. పదును గురించి బెంగ వద్దు, బోరుంది కదా, ముందు ఓ తడి పెట్టి, ఆరి పదునుకొచ్చాక దున్ని జల్లు. జల్లిన వెంటనే మాత్రం నీళ్ళు పెట్టకు, పైన అట్ట కట్టేస్తాది, అంత చిన్న గింజ దాన్ని చీల్చుకుని పైకి రాలేదు.

పాలకొండ ఆడపడుచు:
అన్నయ్యా, ఖాళీగా ఉన్న ఈ వారంలో మొలక చూసుకోండి. 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి వంటింట్లో వెచ్చగా ఉన్నచోట పెట్టండి, గుడ్డ ఆరనివ్వకండి, ఐదు రోజులకి విప్పి లెక్కపెడితే విత్తనం మంచిదో కాదో తేలిపోద్ది. మాకు ఓసారి 40 కూడా రాలేదు, ముందే చూసుకోబట్టి బతికిపోయాం. జల్లేటప్పుడు రెండు కేజీలకి ఆరు కేజీల పొడి ఇసుక కలపండి, లేకపోతే ఓచోట కుప్ప, ఓచోట ఖాళీ. లోతుగా పడకుండా పైపైన మట్టి చదును చేసే బల్ల తోలిస్తే చాలు. రెండు వారాలకి ఒత్తు మొక్కలు తీసెయ్యాలి, మా అత్తగారైతే ఆ పని కూలోళ్ళకి కూడా వదిలేవారు కాదు, తనే వంగి తీసేవారు.

బొబ్బిలి నుంచి:
ఆగమన్నారని మరీ శివరాత్రి దాటించేయకండి గురూగారూ. 80 రోజుల పంట, ఆలస్యమైతే కోత మేలో గాలివానలకి దొరికిపోద్ది, కాయ విచ్చుకుందంటే గింజంతా నేలపాలే.

రాజాం రైతు:
ఇవాళ గుడ్డ విప్పాం. అమ్మ, నేనూ దీపం దగ్గర కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టాం, 83 మొలకలు. విత్తనం బాగానే ఉంది, పోయినేడు దెబ్బ చలిదే అయ్యుంటాది. నిన్న సాయంత్రం తడి పెట్టేశా. ట్రాక్టర్ అబ్బాయికి వచ్చే వారం రమ్మని చెప్పాను.