ఈ-రీడర్ కొనొచ్చా?

బెంజిసర్కిల్ అబ్బాయి: రాత్రిళ్లు ఫోన్లో చదివితే కళ్లు మండుతున్నాయి. ఈ-పుస్తకాలు చదువుకునే కిండిల్ కొందామంటే, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లుండగా అదెందుకురా అంటున్నారు నాన్న. నేను చదివేవి ఎక్కువగా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలోని పాత తెలుగు పీడీఎఫ్‌లే.

గుంటూరు మాస్టారు: అయితే ఆగు బాబూ. అవి స్కాన్ చేసిన బొమ్మలు, మామూలు ఈ-పుస్తకంలా అక్షరం సైజు మార్చడం కుదరదు. ఆరంగుళాల తెర మీద ఒత్తులు చీమల్లా ఉంటాయి. అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవాలి. నాకైతే రెండో అధ్యాయానికే విసుగొచ్చింది. పదంగుళాలది హాయి, ధర వింటేనే దడ!

పటమట అక్క: ఇంగ్లిష్ నవలలకైతే కళ్లు మూసుకుని కొను తమ్ముడూ. కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెరకు పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి. లైటు తగ్గించుకుంటే చార్జింగ్ వారాలొస్తుంది. ఎండలో డాబా మీదైనా చదవొచ్చు.

బెంజిసర్కిల్ అబ్బాయి: మాస్టారూ, ఆదివారం వచ్చి మీది చూడొచ్చా?

గుంటూరు మాస్టారు: రా. నీ పీడీఎఫ్ ఒకటి తెచ్చుకో, ఎక్కించి చూద్దాం.